గోడౌన్ నిండా సరుకుంది అక్కా, పిల్లలకి కావాల్సింది మాత్రం లేదు

ప్రశ్న: అక్కా, నేను ఏడేళ్ళు ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ గోడౌన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా చేశాను. మూడు నెలల క్రితం పిల్లల కోసం పనిచేసే ఒక సహాయ సంస్థలో సప్లై ఆఫీసర్‌గా చేరాను. వరదలొచ్చాక మా గోడౌన్ నిండిపోయింది. పాత బట్టలు, బొమ్మలు, పాలపొడి డబ్బాలు, ఎవరెవరో పంపిన మందులు. క్యాంపుల నుంచేమో రోజూ ఫోన్లు, ఓఆర్ఎస్ లేదు, బాగా చిక్కిపోయిన పిల్లలకిచ్చే పేస్ట్ ప్యాకెట్లు లేవు అని. మా సార్ ఉన్నదేదో లారీలకెక్కించి పంపెయ్ అంటున్నారు, పైవాళ్ళు కూడా రోజుకి ఎన్ని లారీలు వెళ్ళాయనే అడుగుతున్నారు. ఎక్కడో చదివిన గుర్తుతో పాలపొడి ఒక్కటి ఆపాను. "ఆకలితో ఉన్న పిల్లలకి పాలు ఆపుతావా" అని అందరిముందు అరిచారు. పాత ఉద్యోగంలో రోజుకి వేల పార్సిళ్ళు పంపినవాణ్ణి, ఇక్కడ ఏమీ రానివాడిలా నిలబడ్డాను. వచ్చే వారం పిల్లలకి తట్టు టీకాల క్యాంపెయిన్ కూడా ఉందట, ఆ సరుకూ నా మీదే. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: తమ్ముడూ, ముందు పాలపొడి సంగతి తేల్చేద్దాం, మిగతావన్నీ ఒకరోజు అటూఇటూ అయినా సర్దుకోవచ్చు గానీ ఇది తప్పుగా వెళ్తే పిల్లల ప్రాణం మీదకొస్తుంది. నువ్వు ఆపింది కరెక్టే. ఆపే ఉంచు.

పాలపొడి డబ్బా చూస్తే ఎవరికైనా మంచిదే అనిపిస్తుంది, పంపినవాళ్ళు ప్రేమతోనే పంపారు, మీ సార్ కూడా పిల్లల మీద జాలితోనే అరిచారు. కానీ ఆ డబ్బా క్యాంపులోకి వెళ్ళాక ఏమవుతుందో ఒక్కసారి చూడు. టెంటులో ఒక తల్లి, ఒళ్ళో నాలుగు నెలల పాప. నీళ్ళు బకెట్లో ఉన్నాయి, మూత లేదు. మరగబెడదామంటే కట్టెలు తడిసిపోయి ఉన్నాయి. పాలసీసా ఒక్కటే, దాని పీక కడగడానికి సబ్బు కూడా లేదు. డబ్బా మీద కొలతలు ఆమెకి రాని భాషలో ఉన్నాయి, పైగా ఎక్కువ రోజులు రావాలని ఒక చెంచా తగ్గించే వేస్తుంది, ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు. రెండుమూడు రోజుల్లో పాపకి విరేచనాలు పట్టుకుంటాయి. ఈలోపు పాప రొమ్ము పట్టడం తగ్గింది కాబట్టి తల్లికి పాలు పడటమూ తగ్గుతుంది, డబ్బా అయిపోయేసరికి ఇటు డబ్బా లేదు అటు తల్లిపాలూ లేవు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2006 మేలో ఇండోనేషియాలో యోగ్యకర్త దగ్గర భూకంపం వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే పాలపొడి విరాళాలు కుప్పలుగా వచ్చాయి, పంచేశారు. తర్వాత రెండేళ్ళలోపు పిల్లల్ని సర్వే చేస్తే విరాళం పాలపొడి అందిన పిల్లల్లో నూటికి దాదాపు 25 మందికి విరేచనాలు, అందనివాళ్ళలో నూటికి 12 మందికి. రెట్టింపు. అందుకే ఎమర్జెన్సీల్లో పసిపిల్లల ఆహారం మీద అంతర్జాతీయంగా పనిచేసే సంస్థలన్నీ ఒప్పుకున్న మాట ఒక్కటే, పాలపొడి, సీసాలు, పీకలు విరాళంగా తీసుకోవద్దు, అందరికీ కలిపి అసలు పంచొద్దు. తల్లిపాలకి బదులుగా అమ్మే సరుకు ప్రచారం మీద 1981లోనే అంతర్జాతీయ కోడ్ వచ్చింది, ఎమర్జెన్సీ అని దాన్ని పక్కన పెట్టడానికి లేదు. భయంతో తల్లికి పాలు ఎండిపోతాయని చాలామంది నమ్ముతారు, బిడ్డ తాగుతూ ఉంటే పాలు తయారవుతూనే ఉంటాయి, కాస్త ధైర్యం చెప్పి, పక్కన కూర్చుని, ఆమెకి తిండి నీళ్ళు సరిగ్గా అందేలా చూస్తే చాలామందికి సర్దుకుంటుంది.

తల్లి చనిపోయిన బిడ్డ, తల్లి దూరమైన బిడ్డ ఉంటారు కదా అంటావా, ఉంటారు, వాళ్ళకి కావాలి. ఎవరికి కావాలో న్యూట్రిషన్ టీమ్ ఒక్కో బిడ్డని చూసి రాస్తారు, ఆ లిస్టు ప్రకారం, ఆ బిడ్డని చూసుకునేవాళ్ళ భాషలో లేబుల్‌తో, శుభ్రమైన నీళ్ళు గిన్నె కప్పుతో సహా, బిడ్డకి అవసరం ఉన్నన్నాళ్ళూ ఆగకుండా వెళ్ళాలి. కాబట్టి నీ దగ్గరున్న డబ్బాలన్నీ లెక్కపెట్టి, తాడు కట్టి విడిగా పెట్టి, ఎక్స్‌పైరీ తేదీలతో ఒక కాగితం రాసి న్యూట్రిషన్ వాళ్ళకి ఇచ్చెయ్, నిర్ణయం వాళ్ళది. మీ సార్‌తో వాదన పెట్టుకోకు, "సార్, ఇది నా నిర్ణయం కాదు, న్యూట్రిషన్ టీమ్ సంతకం వచ్చిన వెంటనే లోడ్ చేస్తా" అను, చాలు. ఇంకో జాగ్రత్త, ఎఫ్-75, ఎఫ్-100 అని రాసి ఉన్న పాలపొడి కనిపిస్తే అది వేరు, తీవ్రంగా చిక్కిపోయి ఇతర జబ్బులతో ఆస్పత్రిలో చేర్చిన పిల్లలకి డాక్టర్ల కంటిముందు ఇచ్చేది అది, పొరపాటున మామూలు పాలపొడి గుట్టలో కలిపేసి ఉంటే ఇవాళే వెతికి బయటికి తియ్యి.

ఇక అసలు విషయానికొస్తాను. నీకు ఏమీ రాదు అనుకుంటున్నావు చూడు, నీకు గోడౌన్ పని నాకంటే బాగా వచ్చి ఉంటుంది. తేడా ఎక్కడంటే, నీ పాత ఉద్యోగంలో కస్టమర్ తనకేం కావాలో తనే నొక్కేవాడు, తప్పు సరుకు వెళ్తే వాపసు పంపేవాడు, ఫోన్ చేసి తిట్టేవాడు. నీ చేతికి వచ్చేసరికి ఆర్డర్ తయారుగా ఉండేది. ఇక్కడ డబ్బు పెట్టేవాళ్ళు ఒకళ్ళు, సరుకు అందుకునేది ఏడాది పిల్ల. ఆ పిల్ల ఆర్డర్ పెట్టదు, వాపసు పంపదు, కంప్లైంట్ చెయ్యదు. ఆ పిల్ల తరఫున ఆర్డర్ రాయాల్సినవాడివి నువ్వే. మీ గోడౌన్‌లో ఇప్పుడు లేనిది సరుకు కాదు, ఆ ఆర్డర్. అది రాసేవాళ్ళు లేకపోబట్టే వచ్చిందల్లా లోపలికొచ్చింది, ఉన్నదల్లా బయటికి పొమ్మంటున్నారు.

ఆర్డర్ ఎలా రాస్తామంటే పిల్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి గోడౌన్ దాకా రావాలి. పేస్ట్ ప్యాకెట్ల విషయమే తీసుకుందాం, వాటినే ఆర్‌యూటీఎఫ్ అంటారు, వేరుశెనగ, పాలపొడి, నూనె, పంచదార, విటమిన్లు కలిపి చేసిన పేస్ట్. ఒక ప్యాకెట్ 92 గ్రాములు, అందులో 500 కేలరీలు. నీళ్ళు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, చించి నోట్లోకి పిండటమే, అందుకే ఫ్రిజ్ లేని చోట, మంచి నీళ్ళు లేని చోట కూడా పనిచేస్తుంది. క్యాంపులో ఆరోగ్య కార్యకర్త 6 నెలల నుంచి 5 ఏళ్ళలోపు పిల్లల జబ్బకి రంగుల టేపు చుట్టి కొలుస్తుంది, 115 మిల్లీమీటర్ల కంటే తక్కువొస్తే ఎరుపు, అంటే తీవ్రంగా చిక్కిపోయినట్టు. కాబట్టి నువ్వు క్యాంపుకి ఫోన్ చేసి "ఎన్ని ప్యాకెట్లు కావాలి" అని అడగకు, "ఈ వారం ఎంతమందిని కొలిచారు, ఎంతమందికి ఎరుపొచ్చింది" అని అడుగు. ఒక పిల్ల కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, సుమారు ఒక కార్టన్ ఖర్చవుతుంది, కార్టన్‌లో 150 ప్యాకెట్లు ఉంటాయి. వందమంది పిల్లలంటే వంద కార్టన్లు, లోపలి సరుకు బరువే 1,380 కేజీలు, అట్టపెట్టెల బరువు అదనం. ఇప్పుడు చూడు, లారీ ఎంతది కావాలో, క్లినిక్ పక్కనున్న గదిలో పడుతుందో పట్టదో, అన్నీ వాటంతటవే బయటికొచ్చాయి.

ఇందులో చాలామంది తప్పటడుగు వేసే చోటు ఇంకోటుంది. మొదటి వారం వందమందికీ రెండేసి వారాల సరుకు పంపి హమ్మయ్య అనుకుంటారు, మూడో వారంలో లారీ దొరకదు, రోడ్డు తెగుతుంది, స్టాక్ సున్నా. సగం కోలుకున్న పిల్ల మళ్ళీ చిక్కిపోతుంది, ఆ తల్లి రెండుసార్లు క్లినిక్‌కొచ్చి ఖాళీ చేతులతో వెళ్తే మూడోసారి రాదు. అందుకని ఏ క్యాంపులో ఎంత మిగిలిందో ప్యాకెట్లలో కాకుండా రోజుల్లో రాసుకో. "ఈ క్యాంపులో 11 రోజులకి సరిపడా ఉంది, నేను పంపితే చేరడానికి 6 రోజులు పడుతుంది, కాబట్టి ఇంకో 5 రోజుల్లోపు బండి కదలాలి, ఐదు రోజుల సరుకు మిగులు ఉంచుకోవాలంటే ఇవాళే కదలాలి", ఇలా. నీ పాత కంపెనీలో రీఆర్డర్ పాయింట్ అనేవాళ్ళు కదా, అదే ఇది.

ఓఆర్ఎస్‌కీ ఇదే లెక్క. ప్యాకెట్ 20.5 గ్రాములది అయితే ఒక లీటరు నీళ్ళకి, తక్కువ నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకి హాని. విరేచనాలైన పిల్లకి ఓఆర్ఎస్‌తో పాటు జింకు బిళ్ళలు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకి 10. ఓఆర్ఎస్ ఒక లారీలో జింకు ఇంకో లారీలో వారం తేడాతో పంపితే సగం వైద్యమే. ఇంకా వెనక్కి వెళ్తే, కలపడానికి నీళ్ళేవి? సహాయ సంస్థలన్నీ పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని ఉంటుంది, అది తాగడానికీ వంటకీ ఒంటి శుభ్రానికీ కలిపి. నీళ్ళ క్లోరిన్ బిళ్ళలు పంపేటప్పుడు ఒకటి చూసుకో, అవి వేర్వేరు స్ట్రెంత్‌లలో వస్తాయి, ఒకటి బిందెకి సరిపోతే ఇంకోటి చిన్న క్యాన్‌కి, చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలాంటి తెల్ల బిళ్ళలు. ఒక క్యాంపుకి ఒకే స్ట్రెంత్ పంపు, రెండు రకాలు కలిపి పంపావంటే కొందరికి క్లోరిన్ వాసన భరించలేక నీళ్ళు పారబోస్తారు, కొందరి నీళ్ళు శుద్ధే కావు.

మందుల గుట్ట గురించి. దాన్ని చూసి భయపడకు, ఇది నీ ఒక్కడికే వచ్చిన కష్టం కాదు. 1988లో ఆర్మేనియా భూకంపానికి 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వచ్చిపడితే అందులో ఏముందో తేల్చుకోవడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. 2004 డిసెంబర్ సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతానికి, 20 లక్షల మంది కూడా లేని చోటికి, 4,000 టన్నుల మందులొచ్చాయి, వాటిలో 60 శాతం ఆ దేశపు అత్యవసర మందుల లిస్టులోనే లేవు, 70 శాతం మీద లేబుళ్ళు అక్కడివాళ్ళకి అర్థంకాని భాషలో ఉన్నాయి. ఇలాంటి వాటివల్లే 1996లో డబ్ల్యూహెచ్ఓ మిగతా సంస్థలతో కలిసి మందుల విరాళాలకి నియమాలు పెట్టింది: అడిగిన మందే పంపాలి, ఆ దేశంలో అనుమతి ఉన్నదై ఉండాలి, మందు అసలు పేరు అర్థమయ్యే భాషలో ఉండాలి, చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి, ఎవరో వాడగా మిగిలినవి పంపకూడదు. నువ్వు చేయాల్సింది, ఒక మూల తాళం వేసే గది చూసుకుని మందులన్నీ అందులోకి మార్చు, ఒక ఫార్మసిస్టుని పిలిపించి ఒక రోజు కూర్చోబెట్టు. ఆ గదిలోంచి ఫార్మసిస్టు సంతకం లేకుండా ఒక్క సీసా బయటికి రాకూడదు. పనికిరానివి చెత్తలో పారేయొద్దు, కాలవలో అసలే వద్దు, పిల్లలు ఏరుకుంటారు, వాటిని నాశనం చేయడానికి ఆరోగ్య శాఖ చెప్పిన పద్ధతే వాడు.

బట్టలు, బొమ్మల మీద నీ టైం పెట్టకు. స్థలం ఆక్రమిస్తున్నాయి కాబట్టి ఇద్దరు వాలంటీర్లకి అప్పజెప్పి ఇంకో షెడ్డుకి తరలించెయ్. ఇకనుంచి ఫోన్ చేసే దాతలకి చెప్పడానికి ఒక చిన్న లిస్టు రాసి పెట్టుకో, ఇవి కావాలి ఇవి వద్దు అని, వీలైతే సరుకు బదులు డబ్బు పంపమని. దాతలకి వద్దు అని చెప్పడం మొరటుగా ఉంటుందని మొహమాటపడతాం, నేనూ పడ్డాను, కానీ లిస్టు ఇచ్చి "ఇది పంపండి, పిల్లలకి వెంటనే పనికొస్తుంది" అంటే నూటికి తొంభై మంది సంతోషంగా పంపుతారు.

ఇప్పుడు టీకాలు. దీని గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి, చాలా ఏళ్ళ కిందటిది. కొత్తలో ఒక సెంటర్‌కి పెంటావాలెంట్ టీకాలు, అంటే ఐదు జబ్బులకి కలిపి ఒకటిగా వేసేవి, పంపాల్సి వచ్చింది, ఎండాకాలం, దూరం ఎక్కువ, టీకా వేడెక్కిపోతుందన్న భయంతో డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకులు తీసినట్టే బాక్సులో సర్దేశాను, రాళ్ళలా ఉన్నాయి. సాయంత్రానికి అక్కడి నర్సమ్మ ఫోన్ చేసి "అమ్మా, బాక్సు గోడకి ఆనుకున్న టీకా వయల్స్ మీద మంచు కట్టింది" అంది. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు గడ్డకడితే ఇక పనిచేయవు, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటాయి కూడా. ఆమె షేక్ టెస్ట్ చేసింది, అంటే అదే బ్యాచ్‌లో ఒక వయల్‌ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న వయల్‌తో కలిపి రెండూ ఒకే చేత్తో ఊపి బల్ల మీద పెట్టింది. గడ్డకట్టించిన దాంట్లో మడ్డి గబగబా అడుక్కి దిగింది. అనుమానం ఉన్నదాంట్లోనూ అంతే వేగంగా దిగింది. ఆ బాక్సు మొత్తం పోయింది, ఆ రోజు వరసలో నిలబడ్డ తల్లులందరినీ వెనక్కి పంపాల్సొచ్చింది, వాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారో నాకు తెలీదు, అది ఇప్పటికీ నన్ను పట్టుకునే ఉంది. ఐస్‌ప్యాక్ బయటపెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగాలి, అప్పుడే బాక్సులో పెట్టాలి. ఆ అరగంట ఓపిక పట్టి ఉంటే సరిపోయేది.

తట్టు టీకాకి గడ్డకట్టడం వల్ల ప్రమాదం లేదు, దాని శత్రువు వేడి, ముఖ్యంగా మందు కలిపాక. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అది పొడిగా వస్తుంది, దాంట్లో కలిపే ద్రావకం విడిగా వస్తుంది, అదే కంపెనీ పంపిన ఆ ద్రావకమే వాడాలి, వేరేది కలపడానికి లేదు, ఆ ద్రావకం గడ్డకట్టకూడదు గానీ కలిపే ముందు చల్లబరచాలి. కలిపాక 6 గంటల్లో లేదా ఆ సెషన్ అయ్యేలోపు, ఏది ముందైతే అది, మిగిలింది పారేయాల్సిందే. వయల్ మీద ఒక చిన్న గుండ్రటి గుర్తు, మధ్యలో చతురస్రం ఉంటుంది, దాన్నే వీవీఎం అంటారు. చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు, వలయంతో సమానంగా గానీ ఇంకా ముదురుగా గానీ అయితే వాడకూడదు. ఇది వేడి మాత్రమే చెప్తుంది, గడ్డకట్టిందా లేదా చెప్పదు, చాలామంది అక్కడే పొరబడతారు. బాక్సు అందుకున్న ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ గుర్తు చూసి రిజిస్టర్‌లో రాయాలి, అది నువ్వు పట్టుబట్టి చేయించు.

లెక్క కూడా చెప్తాను. వెయ్యిమంది పిల్లలు, పది డోసుల వయల్ అనుకుంటే, వృథా కలపకముందే 100 వయల్స్, 100 ద్రావకాలు, కలపడానికి 100 పెద్ద సిరంజిలు, వేయడానికి 1,000 ఏడీ సిరంజిలు, అంటే ఒకసారి వాడాక వాటంతటవే లాక్ అయిపోయేవి. వాడినవి పడేయడానికి సేఫ్టీ బాక్సులు, 5 లీటర్లదాంట్లో సుమారు 100 సిరంజిలు పడతాయి కాబట్టి 11. వృథాకి వీటన్నిటి మీదా కొంత కలుపుకో, ఎంతన్నది టీకాల టీమ్ చెప్తుంది. సిరంజిలకి ఫ్రిజ్ అక్కర్లేదు గానీ టీకా కంటే ఎన్నో రెట్లు స్థలం తింటాయి, అందుకే కొందరు వాటిని వెనక బండిలో పంపిస్తారు, ఆ వెనక బండి రాదు. టీకా, ద్రావకం, సిరంజి, సేఫ్టీ బాక్సు నాలుగూ ఒకే రోజు ఒకేచోట ఉంటేనే టీకా వచ్చినట్టు లెక్క.

గోడౌన్ సర్దుడు గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. నేలకి 10 సెంటీమీటర్ల ఎత్తున ప్యాలెట్ల మీద, గోడకి 30 సెంటీమీటర్ల దూరం, గుట్ట ఎత్తు రెండున్నర మీటర్లు దాటకుండా. ముందొచ్చింది ముందు పంపే అలవాటు మార్చుకో, ఇక్కడ ముందు గడువు తీరేది ముందు పోవాలి, నిన్న వచ్చిన కార్టన్ గడువు పోయిన నెల వచ్చినదానికంటే ముందే ముగియొచ్చు. కిట్లు విప్పొద్దు. స్కూల్ కిట్ అని వస్తుంది చూడు, 40 మంది పిల్లలకీ ఒక టీచర్‌కీ సరిపడా సామాన్లున్న లోహపు పెట్టె, దాని మూతకి నల్లరంగు పూసి బ్లాక్‌బోర్డుగా వాడుకుంటారు, ఎవరో పెన్సిళ్ళు అడిగారని ఒక పెట్టె తెరిచావంటే అది ఇక ఎవరికీ పూర్తిగా పనికిరాదు. మొదటి వారాల్లో ఏం కావాలో లెక్క తెలీనప్పుడు కిట్లు దేవుడిలా ఆదుకుంటాయి, అత్యవసర ఆరోగ్య కిట్ ఒక్కటి 10,000 మందికి మూడు నెలలకని లెక్కేసి కడతారు, కానీ లెక్క తెలిసిపోయాక కూడా కిట్లే తెప్పిస్తుంటే అవసరం లేని సగం సామాను గోడౌన్‌లో పేరుకుంటుంది.

లారీల రిపోర్ట్ సంగతి. మీ పైవాళ్ళు లారీలు అడుగుతున్నారు కాబట్టి ఆ అంకె ఇస్తూనే ఉండు, దాని పక్కన ఇంకో రెండు కాలమ్‌లు నువ్వే కలుపు. ఎన్ని క్యాంపుల్లో ఓఆర్ఎస్, ఆర్‌యూటీఎఫ్ వారం కంటే తక్కువ ఉంది, ఈ వారం ఎంతమంది పిల్లలకి పూర్తి మోతాదు అందింది. ఎవరూ అడగకపోయినా రోజూ పంపు. నేను పనిచేసిన ఒకచోట పది రోజులు ఎవరూ పట్టించుకోలేదు, పదకొండో రోజు "ఈ నాలుగు క్యాంపుల్లో సరుకు వారం కంటే తక్కువ ఎందుకుంది" అని పైనుంచే ఫోనొచ్చింది, ఆ తర్వాత లారీల గురించి అడగడం తగ్గింది. వారానికి ఒకసారి నువ్వు కూడా లారీ ఎక్కి చివరిదాకా వెళ్ళు. గోడౌన్‌లో తెలియనివి అక్కడ తెలుస్తాయి, ఒకే ప్యాకెట్‌ని తల్లి ముగ్గురు పిల్లలకి పంచుతోందంటే ఆమెని తప్పుపట్టి లాభం లేదు, ఇంట్లో మిగతా ఇద్దరికి తిండి అందట్లేదని అర్థం, ఆ కబురు రేషన్ పంచేవాళ్ళకి చేరవేయాల్సింది నువ్వే.

రోడ్లు తెగితే ఏంటన్న భయం నీ ఉత్తరంలో లేదు గానీ రేపు వస్తుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చింది, దానికి సుమారు నెల ముందే కాట్మండు ఎయిర్‌పోర్ట్‌లో సహాయ సామగ్రి దింపి, విడదీసి, పంపడానికి ఒక స్థలం డబ్ల్యూఎఫ్‌పీ, అంటే ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం, సిద్ధం చేసి ఉంచింది, అందుకే విమానాలొచ్చిన మొదటి రోజుల నుంచే సరుకు దింపుకోడానికి చోటు దొరికింది. యూనిసెఫ్‌కి కోపెన్‌హాగన్‌లో అంత పెద్ద గోడౌన్ ఉంది, అక్కడి నుంచి విమానం బయల్దేరినా చివరికి ఇక్కడ కస్టమ్స్ కాగితంలో అందుకునేవాళ్ళ పేరు తప్పుంటే సరుకు ఎయిర్‌పోర్టులోనే కూర్చుంటుంది, డెమరేజ్, అంటే సరుకు ఆలస్యంగా తీసుకున్నందుకు కట్టే డబ్బు, పెరుగుతూ. కాబట్టి దూరంగా ఉన్న రెండుమూడు క్యాంపుల దగ్గర చిన్న గది చూసి, వానలు మళ్ళీ మొదలవకముందే నెల సరుకు అక్కడ పెట్టెయ్.

ఇక నీ దగ్గర లేని ఓఆర్ఎస్, ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతాయంటే, చాలాసార్లు పక్క సంస్థ గోడౌన్‌లోనే ఉంటాయి. ఎమర్జెన్సీల్లో సంస్థలన్నీ కూర్చునే సమన్వయ మీటింగులుంటాయి, క్లస్టర్ మీటింగులంటారు, పోషకాహారం, నీళ్ళు-పారిశుధ్యం వాటికి సాధారణంగా యూనిసెఫ్, రవాణాకి డబ్ల్యూఎఫ్‌పీ ముందుండి నడుపుతాయి. మీ దగ్గర అలాంటివి లేకపోతే జిల్లా అధికారుల రివ్యూ మీటింగ్ ఉంటుంది, ఆ పని అక్కడే జరుగుతుంది. మీ సార్ వెళ్తున్నారేమో కనుక్కో, వెళ్ళకపోతే నన్ను పంపండి సార్ అని అడుగు. ఖాళీ చేతులతో వెళ్ళకు. ఏ క్యాంపులో ఎంతమంది ఎరుపు టేపు పిల్లలున్నారు, ఓఆర్ఎస్ ఎన్ని రోజులకుంది, నీ దగ్గర ఎక్కువున్నదేంటి, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. నీ దగ్గర ఖాళీ లారీలు, మనుషులు ఉన్నారు, ఇంకొకళ్ళ దగ్గర సరుకుండి బండి లేదు, ఇలాంటివి అక్కడ టీ తాగేలోపు తెగిపోతాయి. టీకాల వాళ్ళు కూడా అక్కడే దొరుకుతారు, సిరంజిలు, సేఫ్టీ బాక్సులు ఏ బండిలో వస్తున్నాయో ఆ రోజే అడిగి రాసుకో.